క్రైస్తవ ధ్యానరచనలును నిత్యజీవనమును

ఆంధ్రదేశమున నేడు సామాన్యజనులు చదువుచున్న వచనమెద్ది యని యెవరైన నడిగినచో, వార్తాపత్రికలనియు నవలలనియు మనము తడుముకొనక బదులు చెప్పుదుము. క్రైస్తవ ధ్యానరచనల పేరు మన నోటికి రాదు. దినమున కొక పుట చొప్పున సంవత్సరమంతటికి సరిపోవు పుస్తకములు, సంఘపత్రికలలోని చిన్న వ్యాసములు, వీధులలో పంచిపెట్టు కరపత్రములు, ఇటీవల తెల్లవారుసరికి చేతిఫోనులలోనికి వచ్చి చేరు సందేశములు, ఇవియన్నియు నొక్క జాతివే. పైన లేఖనమునుండి యొక వాక్యము, దానిక్రింద నొక కథ, కథనుండి తీసిన నీతి, చివర నాలుగు పంక్తుల ప్రార్థన. లక్షలాది గృహములలో దినదినము చదువబడు నీ వచనమును మన విమర్శకులు ముట్టుకొనరు. పరుల మతవిషయమని దూరముగా నుండుట మర్యాదయని వారి యభిప్రాయము కాబోలు. నా దృష్టిలో నది మర్యాద కాదు, ఉపేక్ష. భక్తిని విమర్శింప నెవరికిని నధికారము లేదు. కాని యచ్చుపడి పరులచేతి కందిన రచన విమర్శకు లోబడవలసినదే.

మా జి. కొండూరు ప్రాంతమున మామిడికోతల దినములలో తెల్లవారకముందే తోటకు బయలుదేరవలసిన కూలిస్త్రీలు కలరు. పొయ్యి వెలిగించి, సద్ది కట్టుకొనుటకు ముందు, వారిలో ననేకులు ఆ దినపు పుటను చదివికొందురు. చదువురానివారు పిల్లలచేత చదివించుకొందురు. దానికి వారికున్న వ్యవధి యైదు నిమిషములు. మిగిలిన దినమంతయు పరుల పని. ఆ యైదు నిమిషములను రచయిత యేమి చేసెను? ధ్యానరచనను తూచుటకు నాకు తోచిన తూనికరాయి యిదియొక్కటే.

ఈ వాఙ్మయమునకు మన భాషలో నున్న వయస్సు స్వల్పము కాదు. తెలుగున మొట్టమొదట నచ్చుపడిన పుస్తకములు భక్తిగ్రంథములే. బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ చెన్నపట్టణమున తెలుగు నేర్చి, 1732 నాటికి బైబిలును తెనిగించెను. అది యచ్చుకు నోచుకొనలేదు. పిమ్మట నతడు స్వదేశమునకు మరలి, 1746, 1747 సంవత్సరములలో జర్మనీయందలి హాలే నగరమున కొన్ని చిన్న తెలుగు పుస్తకములను ముద్రింపించెను. వానిలో నొకదానికి ‘మోక్షానికి కొంచుపొయ్యే దోవ’ యని పేరు. ఆ పేరును చదువరులు గమనింతురు గాక. ‘మార్గము’ కాదు, ‘పథము’ కాదు, ‘దోవ’. ఆ విదేశీయుని తెలుగులో దోషము లుండవచ్చును. కాని తన పుస్తకము నెవరు చదువవలెనో యతడెరుగును. సంత కేగువాడు నడచు దోవమీదనే మోక్షమునకు పోవువాడును నడుచునని యా యొక్క మాట చెప్పుచున్నది.

తరువాత నొక తరము గడచినంతనే కాక, చాలకాలమునకు, 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారు ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెనిగింప నారంభించిరి. వానిలో కొన్ని 1812లో శ్రీరామపురమున నచ్చుపడెను. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) రాగతాళములతో, మన భజనల నడకతో కీర్తనలు రచించి, క్రీస్తుకథను తెలుగువారి గొంతునకు తెచ్చిరి. ‘ఆంధ్రక్రైస్తవ కీర్తనల’లో నవి నేటికిని నిలిచి పాడబడుచున్నవి. 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసుగారు పాటలలో వాడుకమాటకు చోటిచ్చిరి. జాషువకవి ‘క్రీస్తుచరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. పాటయు పద్యమును నిట్లు మన మట్టిలో వేరు పాతుకొనినవి. ధ్యానవచనమునకు మాత్ర మా భాగ్యము పూర్తిగా పట్టలేదని నా యభిప్రాయము. కారణము విచారింపదగినది.

మొదటి కారణము, ఎరువు తెచ్చిన యుదాహరణములు. నేటి తెలుగు ధ్యానపుస్తకములలో ననేకములు ఆంగ్లగ్రంథములకు అనువాదములు, లేదా వాని యచ్చున పోసిన బొమ్మలు. మంచుతుపానులో త్రోవ తప్పిన ప్రయాణికుడు, దీపస్తంభమును చూచిన నౌకాధికారి, పియానో వాయించు బాలిక, వీరే ప్రతిపుటయందును మనకు కనబడుదురు. పరదేశపు కథ చెప్పరాదని కాదు. బైబిలే మనకు పరదేశపు కథ. కాని యా కథలోని గొఱ్ఱెల కాపరి, విత్తువాడు, పిండిలో పులిపిండి కలుపు స్త్రీ, పోయిన నాణెముకొరకు ఇల్లూడ్చు ఇల్లాలు, వీరందరు తమ్ము వినుచున్నవారి యిరుగుపొరుగువారు. ఏసు తన శ్రోతలు చూడని వస్తువును చూపి దృష్టాంతము చెప్పలేదు. మూలమునందలి యీ పద్ధతిని విడిచి, మూలమునకు వ్యాఖ్య వ్రాయుట వింత కదా!

ఇక్కడ నొక గ్రంథమునుగూర్చి న్యాయముగా చెప్పవలెను. లెట్టీ కౌమన్ అను నామె 1925లో ప్రకటించిన దినధ్యానగ్రంథము ‘ఎడారిలో సెలయేర్లు’ అను పేర తెలుగు గృహములలో మిక్కిలి ప్రచారము పొందినది. భర్త సంవత్సరములతరబడి జబ్బుపడి యుండగా, ఆ మంచముప్రక్క కూర్చుండి యామె చదివిన వాక్యములనుండి యా గ్రంథము పుట్టినది. ఇతరుల రచనలనుండి యేరి కూర్చినదయ్యును దానికి బలము కలుగుట కిదియే కారణము. ప్రతి వాక్యమును నొక రోగిముందర పరీక్షకు నిలిచినది. మన యనుకర్తలు ఆ పుట కొలతను గ్రహించిరి, తారీఖులను గ్రహించిరి, చివరి ప్రార్థనను గ్రహించిరి. ఆ మంచమును మాత్రము గ్రహింపలేదు.

రెండవ కారణ మింతకంటె గొప్పది. వాక్యమును దాని చోటినుండి తెంచి తెచ్చుట. మన మీమాంసకులు ఒక ప్రకరణముయొక్క తాత్పర్యమును నిర్ణయించుటకు ఆరు గుర్తులు చెప్పిరి: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. అనగా, మాట యెక్కడ మొదలై యెక్కడ ముగిసినది, దేనిని మరల మరల చెప్పినది, క్రొత్తగా చెప్పిన దేమి, దానివలన కలుగు ప్రయోజన మేమి, దేనిని మెచ్చుకొని దేనిని నిందించినది, చూపిన యుక్తి యేమి యని విచారించి, పిమ్మటనే అర్థము చెప్పవలెనని వారి శాసనము. ఈ కొలత వేదమునకే కాదు, ఏ గ్రంథమునకైనను తగును. ధ్యానరచయితలు దీనిని పాటింపకపోవుటవలన కలుగు కీడు పాండిత్యలోపము మాత్రమే కాదు. మనుష్యుల మనస్సులను నొప్పించును. నా కనుభవమునకు వచ్చిన యొక్క సంగతి చెప్పెదను.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుండపోత వానలకు బుడమేరు పొంగినది. మైలవరము కొండలనుండి దిగి, మా మండలముమీదుగా కొల్లేటికి పోవు నేరది. మా మండలములోని వెలగలేరువద్దనే దానికి తలుపులు గలవు. మళ్లింపుకాలువ గట్లకు గండ్లు పడినదియు మా ప్రాంతముననే. ఆ నీరు బెజవాడలోని సింగునగరము మొదలగు పేటలను ముంచి దినములతరబడి నిలిచినది. గండ్లు పూడ్చుటకు సైనికులు రావలసివచ్చెను. ఏటిదారి నాక్రమించిన కట్టడములు, బాగుచేయక విడిచిన గట్లు, ఇరుకైన కాలువ, వీనినిగూర్చి యప్పుడు పత్రికలు విస్తారముగా వ్రాసినవి.

నీరు తీసిన కొన్ని దినములకు, నా పూర్వవిద్యార్థి తల్లి యొకామె సింగునగరమునుండి మా యూరికి బంధువులయింటికి వచ్చి, నన్ను చూడవచ్చినది. ఆమె కుట్టుమిషను మునిగిపోయినది; బియ్యము, బట్టలు, పిల్లవాని పుస్తకములు పోయినవి. ఆమె చేతిలో నొక కరపత్రము. పశ్చాత్తాపపడనివారు నశింతురని చెప్పు లూకా సువార్త పదమూడవ యధ్యాయపు వాక్యము దానిపైన నున్నది. దానిక్రింద, నగరము చేసిన పాపములకు దేవుడు పంపిన శిక్షయే యీ జలప్రళయమని వ్యాఖ్య. ఆమె నన్నడిగిన ప్రశ్న యిది: “మాస్టారూ, మా వీధిలోవాళ్లం మిగతావాళ్లకంటే అంత పాపం చేసినవాళ్లమా?”

నాకు బదులు తోచక, బైబిలు తీసి యా యధ్యాయమును మొదటినుండి యామెకు చదివి వినిపించితిని. ఉపక్రమమున నున్నది సరిగా నామె ప్రశ్నయే! పిలాతు కొందరు గలిలయవారిని బలియర్పించుచుండగా చంపించెనని కొందరు వచ్చి యేసుతో చెప్పిరి. ఆ చచ్చినవారు తక్కిన గలిలయవారందరికంటె పాపులని మీరు తలంచుచున్నారా యని యతడు వారినడిగి, కాదని తానే బదులు చెప్పెను. అంతటితో నాగక, సిలోయములో గోపురము కూలి చచ్చిన పదునెనిమిది మందిని తానే జ్ఞప్తికి తెచ్చి, వారును యెరూషలేములోని యితరులకంటె అపరాధులు కారని మరల చెప్పెను. పశ్చాత్తాపపు మాట యీ రెండు ‘కాదు’ల వెనుక రెండుమారులును వచ్చుచున్నది. అది చచ్చినవారినిగూర్చి చెప్పినది కాదు. చచ్చినవారి పాపమును లెక్కింపవచ్చిన బ్రదికియున్నవారికి చెప్పినది.

ఆమె కొంచెముసేపు ఊరకుండి, కరపత్రమును మడిచి, “ఇది రాసినాయన పైమాట చదవలేదాండీ?” అన్నది. ఇంతకు మించిన విమర్శ నేను వ్రాయజాలను. ఉపక్రమమును విడిచి, అభ్యాసముగా వచ్చిన దానిలో సగము తెంచి, అపూర్వతను తలక్రిందులు చేయుట యేమో యామె యొక్క ప్రశ్నలో చెప్పివేసినది. ఆ ప్రకరణమున అపూర్వమైన దేమి? ఆపదను చూచి పాపమును కొలువరాదనుటయే. లోకమంతయు నట్లు కొలుచుచుండగా నతడు కొలువనన్నాడు. కరపత్రకారుడు లోకముతో చేరి, ఆ కొలతనే యతని నోట పెట్టెను.

ఈ తప్పు క్రైస్తవులదే యని చెప్పి హిందువులమైన మనము చేతులు కడుగుకొనుటకు వీలులేదు. పూర్వజన్మకర్మ యని యొక్కమాట యని, కష్టపడువానికి సాయము చేయవలసిన పని తప్పించుకొనినవారు మనలో కొల్లలు. మగడు చచ్చిన పిల్లను ముండయని, మింగినదని తిట్టి, తల గొరిగించి మూలను కూర్చుండబెట్టిన లెక్కయు నిదియే. ఆ లెక్క తప్పని చూపుటకే 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు ప్రథమ వితంతువివాహము జరిపించిరి. ఆపదకు పాపమును కారణముగా చెప్పువాడు దుఃఖితునికి రెండవ దుఃఖము కలిగించుటయే కాక, నిజమైన కారణమును వెదకనీయడు. దేవుడే శిక్షించెనన్న పిమ్మట గట్టు నెవరు బాగుచేయుదురు? ఏటిదారి నాక్రమించినవాని నెవరు ప్రశ్నింతురు? సిలోయము గోపురమునుగూడ నెవడో మేస్త్రి కట్టియుండును గదా. పశ్చాత్తాపమను మాటను మునిగినవారి మీదికి విసరక, కాలువకు బాధ్యులైన బ్రదికియున్న మనమందరము మనకు చెప్పుకొనినచో, ఆ వాక్యము తన చోట నిలుచును.

ఉపసంహార మింకను రమ్యముగా నున్నది. మా మామిడిదేశమునకు కావలసినదియు నదియే. గోపురపు మాట చెప్పినవెంటనే యేసు ఒక చెట్టుకథ చెప్పుచున్నాడు. ఒకని ద్రాక్షతోటలో అంజూరపు చెట్టొకటి యున్నది. యజమానుడు మూడేండ్లనుండి వచ్చి చూచుచున్నను కాయ లేదు. నరికివేయుమని యాజ్ఞాపించెను. తోటమాలి, ఈ యొక్క యేడు గడువిమ్మని, చుట్టు త్రవ్వి యెరువు వేయుదునని, అప్పటికిని కాయనిచో నరికింపవచ్చునని వేడుకొనెను. కథ యక్కడ నాగిపోయినది. యజమానుడేమనెనో, చెట్టు కాచెనో లేదో లేదు.

ఈ కథపై మన ధ్యానపుస్తకములలో నేను చదివిన వ్యాఖ్యలలో పెక్కింటికి ‘నీవు ఫలించుచున్నావా?’ యను ప్రశ్నయే ప్రాణము. చదువరిని చెట్టుగా చేసి, రచయిత గొడ్డలి పట్టుకొని నిలుచును. తోటమాలి మాట వ్యాఖ్యలో సగము పంక్తితో సరి. అంజూరమును చూడని చదువరికి ఆ చెట్టొక బొమ్మ మాత్రమే. కావున బెదరును గాని తెలిసికొనదు.

ఇదే కథను నూజివీడు, మైలవరము తోటలలో నిలుచుండి వ్రాసిన నెట్లుండును? మామిడి యొక యేడు విరుగగాచి మరుసటి యేడు తేలిపోవు నలవాటుగల చెట్టని మా పిల్లవాండ్రకును తెలియును. కాయని యేడు చెట్టు పాపము చేసినదని యెవడును అనడు, అలసినదందురు. పూతకు ముసురు పట్టినను, తేనెమంచు పురుగు పట్టినను, కాపు పోవుటకు చెట్టు దోషమేమి? కోతలు ముగిసిన పిమ్మట ఎండుకొమ్మలు కొట్టి, పాదు త్రవ్వి, పశువుల యెరువు వేసి, తొలకరి నీరు పాదున నిలుచునట్లు చేయువాడు చెట్టును నమ్మినవాడు. పూతమీద తోటను కొనిన వర్తకునికి ఆ యేటి కాయ కావలెను. మరుసటి యేటి చెట్టుతో వానికి పని లేదు. తోటకు కాపున్నవానికి చెట్టు కావలెను. వర్తకుని కన్నును కాపువాని కన్నును ఒక చెట్టును రెండువిధముల చూచును. ధర దిగిపోయిన యేండ్లలో, బంగినపల్లి, రసాల తోటలను కొట్టించి వేరు పైరు పెట్టిన రైతులును మాలో కలరు. వారిని నేను నిందింపను; అప్పు వారి నెత్తిమీద నున్నది. అయినను పెద్దచెట్టు కూలుచున్నప్పుడు తోట కాచిన ముసలివాడు అటు చూడలేక మొగము త్రిప్పుకొనుట నేను చూచితిని. ఆ కథలోని తోటమాలిని నాకు వ్యాఖ్యానించినవా డాతడే.

అట్లు చదివినచో ఫలమను మాటకును అర్థము మారును. గడు విచ్చుటయే కాదు, ఆ గడువులో త్రవ్వి యెరువు వేయుట తోటమాలి తనమీద వేసికొనిన పని. చెట్టును నీవేల కాయవని యడుగుటకు ముందు, దాని మొదట నేనేమి వేసితినని యడిగికొనవలెను. బడికి రాని పిల్లవానినిగూర్చి ఉపాధ్యాయుడును, కూలి చాలని కుటుంబమునుగూర్చి తోట యజమానుడును, త్రాగుబోతు తమ్మునిగూర్చి యన్నయు నడిగికొనవలసిన ప్రశ్న యిది. నిత్యజీవనమున విశ్వాస మనునది యిట్టి చోటనే కనబడును. ధ్యానము ముగించి లేచిన కూలిస్త్రీ ఆ దినమున తోటలో పాదు త్రవ్వునప్పుడు, తాను చదివినదే తాను చేయుచున్నానని యామెకు తోచినచో, రచయిత ఆ యైదు నిమిషముల ఋణము తీర్చుకొనినవాడగును.

దీనికి కొంద రాక్షేపణ చెప్పుదురు. భక్తునికి కావలసినది ఓదార్పు; మీమాంస కాదు; చిన్న పుటలో ఇంత విచారణ యెట్లు పట్టునని. ఓదార్పు కావలెనన్న మాట నిజమే. కాని పై స్త్రీకి ఓదార్పు కలిగినది కరపత్రపు తేలికమాటవలన కాదు; ప్రకరణమును పూర్తిగా వినుటవలన. తొమ్మిది వాక్యములు చదువుటకు రెండు నిమిషములు చాలును. మిగిలిన మూడు నిమిషములలో రచయిత తన యూరి సంగతి యొక్కటి నిజముగా చెప్పినచో పుట నిండును. విద్యలేనివారికి లోతుమాట యెక్కదని భయపడ నక్కరలేదు. 1859లో కృష్ణామండలమునందలి రాఘవాపురమున మాలవాడలో పగోలు వెంకయ్య మొదలగువారు క్రైస్తవులైనప్పుడు, వారు చదివి తెలిసికొనలేదు. విని, తమలో తాము విచారించుకొని తెలిసికొనిరి. ఈ ప్రాంతపు సంఘమునకు పునాది యట్టివారు. శ్రవణ మనన నిదిధ్యాసనములను మూడు మెట్లలో మొదటి రెండింటిని వారు గురువు చెప్పకయే యెక్కిరి. వారి మనుమల మనుమలకు మననము చేయుటకు శక్తి లేదని రచయితలు తామే నిశ్చయించుకొని, నమిలిన యన్నము పెట్టుట వారి నవమానించుట.

ఆలయనిర్మాణములో నీ మేలుకొలుపు చాలకాలము క్రిందటనే కలిగినది. 1912లో దోర్నకల్ బిషప్పైన అజరయ్యగారు 1939లో ప్రతిష్ఠించిన మందిరము పరదేశపు గుడికి నకలు కాదు. మన దేశపు శిల్పరీతులను గైకొని కట్టినది. రాతికి జరిగిన యుపకారము మాటకును జరుగవలెను.

కావున ధ్యానరచయితలకు నా మనవి చిన్నది. వాక్యమునకు పైనున్నదియు క్రిందనున్నదియు చదివి పిమ్మట వ్రాయుడు. మీ యూరిలో మీరు చూచినదానినే దృష్టాంతముగా చెప్పుడు. కష్టపడినవానిమీద లెక్క వేయకుడు. ఈ మూడును పాటించిన పుట చిన్నదైనను నిలుచును.

సింగునగరమునుండి వచ్చిన యా తల్లి వెళ్లునప్పుడు కరపత్రమును నా బల్లమీదనే విడిచి, ఆ యధ్యాయపు సంఖ్యను మాత్రము పిల్లవాని నోటుపుస్తకపు ముక్కమీద నాచేత వ్రాయించుకొని తీసికొనిపోయినది. తమ వీధిలో వారికి చదివి వినిపింతునని చెప్పినది.